చవక సీసా మీద పడ్డ నింద

దేవన్నకు కోపం ముక్కు మీదే ఉంటుందని అర్సపల్లి ఆటోవాళ్లంతా అంటారు. ముక్కు మీద ఉంటే ఎప్పుడో ఒకప్పుడు చీదేసుకునేవాడు. ఆయన కోపం నాలుక మీద కాపురం పెట్టింది. నిజామాబాద్ నుంచి బోధన్ పోయే రోడ్డు పక్కన డీజిల్ పంపుల షెడ్డు పెట్టి ఇరవై ఆరేళ్లయింది. ఈ ఇరవై ఆరేళ్లలో ఆయన చేత తిట్లు తినని గిరాకీ లేడు. తిట్లు తిని మళ్లీ రాని గిరాకీ కూడా లేడు. ఇంజన్లోకి డీజిల్‌ను సన్నటి తుంపరగా చిమ్మే నాజిల్‌ను ఊడదీసి వెలుతురుకు పట్టాడంటే, ఆ బండి కడుపులో ఏముందో చెప్పేస్తాడు. ఆ చేతి కోసం జనం ఆ నోటిని భరిస్తారు.

ఊరు మాక్లూర్. పొద్దున్నే రెండెకరాల పసుపు చేను చూసుకుని, పది గంటలకల్లా బైకు మీద షెడ్డుకు వస్తాడు. పదహారో ఏట నిజామాబాద్‌లో ఒక ఉస్తాద్ దగ్గర చేరి తొమ్మిదేళ్లు పనిచేశాడు. అక్కణ్నుంచి రెండు తెచ్చుకున్నాడు, పనితనమూ నోరూ. పనితనం అన్నం పెట్టింది. నోరు ఎందుకూ పనికిరాలేదు గానీ, ఎక్కడికి పోయినా దాన్ని మాత్రం వెంట తీసుకుపోతాడు. పెళ్లయిన కొత్తలో భార్య రేణుకమ్మ దానికి భయపడేది. ఇప్పుడు ఆయన అరుస్తుంటే ఆమె ఉల్లిగడ్డలు తరుక్కుంటుంది.

ఆయన్ని అన్నిటికన్నా మండించేది పేరు. పేరు చూసి పైసలిచ్చేవాళ్లను చూస్తే ఆయనకు ఒళ్లంతా కారం రాసుకున్నట్టు ఉంటుంది. నాజిళ్లకు పట్టిన మసిని కడగడానికి డీజిల్‌లో కలిపే మందులు రెండు రకాలు ఆ రోడ్డు మీద నడుస్తున్నాయి. ఒకటి ఎర్ర సీసా. దేశమంతా తెలిసిన కంపెనీది, నాలుగు వందలకు పది తక్కువ. రెండోది తెల్ల సీసా. ఊళ్లోని సూపర్ మార్కెట్ వాళ్లు ఎక్కడో చేయించి, తమ పేరు అచ్చేసుకుని అమ్మేది, నూట ఇరవై. ఎర్ర సీసా పోసుకున్నవాడు మీసం తిప్పుతాడు. తెల్ల సీసా పోసుకున్నవాడు దాన్ని సంచిలో దాచుకుని తెస్తాడు.

ఒకసారి ఎర్ర సీసా ఏజెంటు షెడ్డుకు వచ్చి, నెలకు రెండు పెట్టెలు అమ్మిస్తే గోడ గడియారం ఇస్తానన్నాడు.

"గడియారం నాకున్నది," అన్నాడు దేవన్న. "నీకే టైం మంచిగ లేదు. నేను స్పానర్ ఎత్తకముందే నడువు."

ఏజెంటును వెళ్లగొట్టి ఊరుకుంటే ఆయన దేవన్న ఎందుకవుతాడు? బడిపిల్లలను తిప్పే రామ్‌దాస్‌కు రెండు వ్యాన్లున్నాయి. రెండూ ఒకే ఏడాదివి, ఒకే బంకులో డీజిల్, ఒకే రోడ్డు. ఏడాది పాటు ఒకదానికి ఎర్ర సీసా, ఇంకోదానికి తెల్ల సీసా పోయించాడు. ఏడాదయ్యాక రెండిటి నాజిళ్లూ ఊడదీసి తెల్ల గుడ్డ మీద పక్కపక్కన పెట్టాడు. ఏది ఏ వ్యానుదో చివరికి దేవన్నే చెప్పలేకపోయాడు. అంత సంతోషం ఆయనకు కూతురు సౌందర్య పెళ్లిలో కూడా కలగలేదు. ఆ గుడ్డను వారం రోజులు షెడ్డు ముందు పరిచి, వచ్చినవాడికీ పోయినవాడికీ చూపించాడు.

"అన్ని దుకాణాల సీసలు మంచియని నేనంటలేను," అనేవాడు. "నీళ్లల్ల రంగు కలిపి అమ్మేటోళ్లు కూడా ఉన్నరు. నేనంటున్నది గీ తెల్ల సీస గురించి. గిది నేను చూసిన. పేరు గొప్ప, ఊరు దిబ్బ. పేరుకు పైసలు పెట్టకుర్రి."

అప్పటినుంచి ఆ రోడ్డు మీద తెల్ల సీసాకు పూచీ దేవన్న మాటే. సీసా మీద ఎవరి పేరున్నా, జనానికి అది దేవన్న మందు. ఆ మాట పోతే తనకు మిగిలేది ఉత్త నోరేనని ఆయనకు తెలుసు.

రెండు సీసాల మధ్య తేడా లేకపోలేదు. ఎర్ర సీసాకు పైన చిన్న అర ఉంటుంది. సీసా నొక్కితే మందు సరిగ్గా ఒక ట్యాంకుకు సరిపడా ఆ అరలోకి ఎక్కుతుంది. తెల్ల సీసాకు అది లేదు, ఉత్త మూతే. కొలుచుకోవడానికి వేరే కప్పు కావాలి. దేవన్న దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. గీతలున్న ప్లాస్టిక్ కప్పు ఇంట్లో ఉండనే ఉంది. దాన్నే తెచ్చుకున్నాడు.

* * *

బోధన్ అవతల కాలువ కింద, వలస రైతులు కట్టుకున్న క్యాంపులో రత్తయ్యకు పన్నెండెకరాల వరి. ఆయన తాత కృష్ణా జిల్లా నుంచి ఎడ్లబండి మీద వచ్చి ఇక్కడ పొలం కొన్నాడు. మూడు తరాలు గడిచినా ఇంట్లో మాట ఇంకా ఆ నీళ్లదే. రత్తయ్యకు ఒక డీజిల్ కారు, ఒక కూతురు సుచిత్ర. కారు వయసు తొమ్మిదేళ్లు. సుచిత్రకు ఇరవై ఏడు. నాలుగేళ్లుగా గ్రూప్ పరీక్షకు చదువుతోంది. నోటిఫికేషన్ రావడం, కోర్టుకు పోవడం, రద్దు కావడం, మళ్లీ రావడం. ఈసారి ఆదివారం నాడు నిజామాబాద్‌లో పరీక్ష ఖాయమైంది. దానికి మూడు రోజుల ముందు, గురువారం, రత్తయ్య కారును సర్వీసుకు తెచ్చాడు. సుచిత్ర వెంట వచ్చి షెడ్డు బల్ల మీద కూర్చుని నోట్సు చదువుకుంది.

ఫిల్టర్ మార్చి, నాజిళ్లు చూసి, దేవన్న తెల్ల సీసా తీశాడు.

"దేవన్నా, ఈసారికి ఆ ఎర్రదే పొయ్యవయ్యా," అన్నాడు రత్తయ్య. "అమ్మాయి పరీక్ష. పోతే ఇంకో మూడొందలు పోతాయి."

"పైసలెక్కువైతే అమ్మాయికి మంచి పెన్ను కొనియ్యుర్రి," అన్నాడు దేవన్న. "గిది నా మాట. నా మాట మీద నమ్మకం లేకుంటే బండి తోలుకపోర్రి."

రత్తయ్య నవ్వేసి ఊరుకున్నాడు. దేవన్న బైకుకు తగిలించిన సంచిలోంచి కప్పు తీసి, గీత దాకా మందు పోసి, ట్యాంకులో ఒంపాడు.

శనివారం సాయంత్రం రత్తయ్య ఫోను చేశాడు. కారు ఊగుతోందట. గేరు మారుస్తుంటే వెనక్కి గుంజినట్టు అవుతోందట. వాళ్లావిడ రాధాకుమారి రేపటికి టాక్సీ మాట్లాడమని గొడవ చేస్తోందట.

దేవన్న అప్పుడే చేలో నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. వాన మొదలైంది. క్యాంపు దాకా పోవాలంటే నలభై కిలోమీటర్లు. అవన్నీ ఆయన చెప్పలేదు. చెబితే బాగుండేది. ఆయన నోరు మాత్రం తన పని తాను చేసింది.

"ఏంది రత్తయ్య గారూ, మొన్న చేసిన బండిని పట్టుకొని గిట్ల మాట్లాడవడ్తిరి? కొత్త ఫిల్టర్, జెర ఊగుతది, రేపటికి సాఫ్ ఐతది. టాక్సీ ఏంది టాక్సీ? నా ఇజ్జత్ తియ్యనీకా? నేను చేసిన బండి అది. కండ్లు మూసుకొని పోర్రి!"

పక్కనే ఉన్న రేణుకమ్మ తల తిప్పి చూసింది. "సౌందర్య బాపూ, జెర మెల్లగ మాట్లాడరాదు?" అంది. ఆమెను కూడా తిట్టాడు.

* * *

ఆదివారం పొద్దున జానకంపేట దాటగానే కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. మళ్లీ అందుకోలేదు. వాన కురుస్తోంది. ఆదివారం కాబట్టి ఆటోలు తక్కువ, బస్సు నిండుగా వచ్చి ఆగకుండానే పోయింది. రత్తయ్య రోడ్డు మధ్యకు పోయి చేతులెత్తి లారీలను ఆపాడు. చివరికి కూరగాయల వ్యాను ఒకటి ఎక్కించుకుంది. పది గంటలకు గేటు మూస్తారు. సుచిత్ర గేటు దగ్గరకు చేరేసరికి పది దాటి నాలుగు నిమిషాలు. నాలుగేళ్ల చదువు, నాలుగు నిమిషాలు. అవతల నిలబడ్డ పోలీసు కూడా పాపం తల దించుకున్నాడట. కానీ నిబంధన నిబంధనే. ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి పంపరు.

కారును నిజామాబాద్‌లోని షోరూముకు లాక్కెళ్లారు. అక్కడ సర్వీసు చూసే విజయ్‌కుమార్ అనే కుర్రవాడు బానెట్ ఎత్తి, నాలుగు ప్రశ్నలడిగాడు. డీజిల్‌లో ఏమైనా కలిపారా? కలిపాం. ఏ కంపెనీది? సూపర్ మార్కెట్‌ది. అంతే. కాగితం మీద రాసిచ్చేశాడు. 'నాసిరకం మందు వాడినందువల్ల నాజిళ్లు పాడైనవి.'

మంగళవారం రత్తయ్య ఆ కాగితం పట్టుకుని షెడ్డుకు వచ్చాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. రోడ్డు అవతల టీ కొట్టు దాకా వినపడేలా అరిచాడు.

"మాట అన్నావు! నా మాట అన్నావు! ఆ మాట మీదే కదయ్యా నా పిల్లను కారెక్కించాను! మూడొందలు మిగిల్చిపెట్టావు, నా బిడ్డ నాలుగేళ్లు బుగ్గిపాలు చేశావు. మూడు రోజుల్నుంచి అది గదిలోంచి రావట్లేదు. ఇదిగో, చదువుకో! నాసిరకం! నువ్వూ నాసిరకమే, నీ మందూ నాసిరకమే!"

దేవన్న కాగితం చదివాడు. తిట్టడానికి నోరు తెరిచాడు, రత్తయ్య కళ్లలో నీళ్లు చూసి మూసుకున్నాడు. అట్లా మూసుకోవడం ఆయనకు అలవాటు లేదు. ఆ దిగమింగిన కోపమంతా లోపల తిరిగి తిరిగి, అరగంటలో షోరూము మీద పడింది.

"ఫిల్టర్ ఏది?" అన్నాడు విజయ్‌కుమార్ ముందు నిలబడి.

"పాతవన్నీ పారేసినం అన్నా."

"ట్యాంకులకెల్లి తీసిన డీజిల్?"

"అది కూడ పారబోసినం. ట్యాంకు కడిగినం."

"కోసి చూసినవా ఫిల్టర్‌ను? డీజిల్‌ను సీసల పట్టి చూసినవా?"

"ఎందుకన్నా? మందు లోకల్‌దని వాళ్లే చెప్పిండ్రు గదా."

దేవన్న గొంతులో నుంచి వచ్చింది వింటే ఉస్తాద్ కూడా సిగ్గుపడేవాడు. "ఫిల్టర్ కోసి చూడనోడివి కాగితం ఎట్ల రాసినవ్ రా? దాని మీద ఉన్న పేరు చూసి రాసినవ్! ఎర్ర సీస అని చెప్తే ఏం రాస్తుంటివి? డీజిల్ ఖరాబ్ అని రాస్తుంటివి! పేరున్నోడు తప్పు చెయ్యడు, పేరులేనోడు మంచి చెయ్యడు, గంతే గదా నీ చదువు? శనివారం పదకొండు గంటలకు నా షెడ్డుకు రా. అందరి ముందట చూపెడ్త. నువ్వు రాకుంటే నేనే వచ్చి గుంజుకపోత!"

ఆయన అన్నదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. అదే ఆయన్ని ముంచింది. తనది న్యాయమైన కోపం అనుకున్నవాడు ఇక పక్కకు చూడడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని వాదించేవాడికన్నా, నాలుగు కాళ్లున్న కుందేటినే పట్టుకుని గంతులేసేవాడు ఇంకా గుడ్డివాడు.

* * *

శనివారానికి షెడ్డు ముందు పదిహేను మంది పోగయ్యారు. రామ్‌దాస్ వచ్చాడు. ఆటోవాళ్లు వచ్చారు. విజయ్‌కుమార్ తన షోరూము చొక్కాలోనే వచ్చాడు. రత్తయ్య వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. ఆయన వెనకే, ఎవరూ అనుకోనిది, సుచిత్ర వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. కానీ వచ్చింది.

దేవన్న మూడు ఖాళీ పచ్చడి సీసాలు వరసగా పెట్టాడు. మూడిట్లోనూ అర లీటరు చొప్పున డీజిల్, ఒక్కొక్క మూత నీళ్లు. మొదటిదాంట్లో మందు లేదు. రెండోదాంట్లో ఎర్ర సీసా మందు, మూడోదాంట్లో తెల్ల సీసా మందు. అర లీటరుకు పట్టేది నాలుగు చుక్కలే కాబట్టి, మెడికల్ షాపులో కొత్త సిరంజి కొనుక్కొచ్చాడు.

"వానకాలం ప్రతి ట్యాంకుల జెర నీళ్లు దిగుతయి," అని అందరికీ వినపడేలా చెప్పాడు. "ఆ నీళ్లు అడుక్కు చేరితే ఫిల్టర్ పట్టుకుంటది. బండికి ఏం గాదు. ఆ నీళ్లు డీజిల్‌ల కలిసిపోయినయనుకో, ఫిల్టర్ దాటి నాజిల్‌ల పడ్తయి. ఒక్కరోజుల నాజిల్ ఖతం. రత్తయ్య గారి బండి అట్లనే పోయింది. సూడుర్రి, ఏ మందు నీళ్లను కలుపుతదో."

మూడు సీసాలనూ ఒక్కొక్కటే పట్టుకుని గట్టిగా కుదిపి బల్ల మీద పెట్టాడు. టీలు వచ్చాయి, తాగారు. ఇరవై నిమిషాలకు మూడిట్లోనూ నీళ్లు అడుక్కు దిగి తేటగా నిలిచాయి. పైన డీజిల్ బంగారు రంగులో మెరుస్తోంది. ఎర్ర మందుకూ తెల్ల మందుకూ వెంట్రుకవాసి తేడా లేదు.

"ఏమంటవ్ సారూ?" అన్నాడు దేవన్న విజయ్‌కుమార్‌తో. "నాసిరకం ఏది? చూపెట్టు!"

విజయ్‌కుమార్ సీసాలను ఎత్తి చూశాడు, దించాడు. "మందుల ఏం లేదన్నా," అని గొణిగాడు. "కాగితం మార్చి రాసిస్త."

ఆటోవాళ్లు ఈలలు వేశారు. రామ్‌దాస్ దేవన్న భుజం తట్టాడు. రత్తయ్య లేచి నిలబడి, "ఏమోనయ్యా, నోరు జారాను ఆ రోజు," అన్నాడు నేల చూస్తూ. దేవన్నకు ఛాతీ రెండింతలైంది. తన మాట తనకు తిరిగొచ్చింది. ఇక్కడితో అయిపోతే ఈ కథ ఆయన చచ్చేదాకా చెప్పుకునేవాడు.

"బాబాయ్," అంది సుచిత్ర.

అందరూ తిరిగి చూశారు. ఆమె బల్ల దగ్గరే నిలబడి సిరంజిని చూస్తోంది.

"మీరు ఆ రోజు దీంతో పోయలేదు కదా. తెల్ల కప్పుతో పోశారు. నేను ఇక్కడే కూర్చున్నాను. బైకు సంచిలోంచి తీశారు."

"కప్పుకూ దీనికీ ఏం ఫరక్ బిడ్డా? మందు అదే గదా."

"అదే అయితే కప్పుతో కూడా చూడొచ్చుగా బాబాయ్. పరీక్షంటే ఆ రోజు ఏం చేశారో అదే చెయ్యాలి."

చల్లగా చెప్పింది. దేవన్నకు మాత్రం చురుక్కుమంది. గెలిచినవాడిని మళ్లీ పరీక్ష రాయమంటే ఎట్లా ఉంటుంది! "సూడు బిడ్డా, కండ్ల నిండ సూడు!" అంటూ విసురుగా బైకు దగ్గరకు పోయి, సంచిలోంచి కప్పు తెచ్చాడు. నాలుగో సీసాలో డీజిలూ నీళ్లూ పోశాడు. కప్పులో తెల్ల సీసా మందు కాస్త వేసి, గుండ్రంగా తిప్పి, సీసాలో ఒంపాడు. కుదిపాడు. ఠపీమని బల్ల మీద పెట్టాడు.

సీసా మజ్జిగలా తెల్లబడింది.

ఐదు నిమిషాలు చూశారు. పది నిమిషాలు చూశారు. ఇరవై నిమిషాలయ్యింది. నీళ్లు అడుక్కు దిగలేదు. పక్కనున్న మూడు సీసాలు తేటగా ఉన్నాయి. అదొక్కటే తెల్లగా, చిక్కగా, ఎటునుంచి చూసినా ఏమీ కనపడకుండా నిలబడి ఉంది.

దేవన్న కప్పును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అడుగున వేలితో రాశాడు. వేలు జారింది.

ఎవరూ అడగకముందే ఆయనకు తెలిసిపోయింది. పసుపు ఆకు నున్నగా ఉంటుంది. ఆకుమచ్చకు మందు కొడితే నిలవదు, జారి కింద పడిపోతుంది. అందుకే మాక్లూర్‌లో ప్రతి రైతూ స్ప్రేయర్ ట్యాంకులో సబ్బులాంటి జిగురు మందు ఒక కప్పు కలుపుతాడు. దాని పనే నూనెనూ నీళ్లనూ కలపడం. ఆ గురువారం పొద్దున దేవన్న నాలుగు ట్యాంకులు కొట్టాడు. ఈ కప్పుతోనే కొలిచాడు. కాలువ నీళ్లలో ఒకసారి జాడించి, సంచిలో వేసుకుని షెడ్డుకు వచ్చాడు. ఆ జిగురుకు రంగుండదు. పాలరంగు ప్లాస్టిక్ కప్పు అడుగున అర గోరు మందాన పేరుకున్నా కంటికి ఆనదు. రెండు పనులకు రెండు కప్పులెందుకని ఒకటే వాడాడు. పది రూపాయల కప్పు.

"జిగురు," అన్నాడు. "పసుపుకు కొట్టే జిగురు. గీ కప్పుల ఉన్నది."

"అంటే మందు మంచిదే..." అని మొదలుపెట్టిన విజయ్‌కుమార్, దేవన్న మొహం చూసి మిగతాది మింగేశాడు. దేవన్నకు వాడి మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. షోరూము మీద పెట్టడానికి లేదు. ఎర్ర సీసా మీదా లేదు. రత్తయ్య మీద అసలే లేదు. ఇరవై ఆరేళ్లుగా ఊరందరి మీదా తిరిగిన కోపం వచ్చి వచ్చి సొంత ఇంటి తలుపు తట్టింది.

"తప్పు నాది బిడ్డా," అన్నాడు. "నాకు తెల్వక..."

"కప్పు సంగతి మీకు తెలీదు బాబాయ్, ఒప్పుకుంటాను," అంది సుచిత్ర. "శనివారం సాయంత్రం మాత్రం తెలుసు. కారు ఊగుతోందని నాన్న చెప్పారు. అమ్మ టాక్సీ మాట్లాడమంది. నాన్న ఫోను తీసి నంబరు కూడా వెతికారు. మిమ్మల్ని ఒక్కమాట అడిగి పెట్టేద్దామని మీకు చేశారు. స్పీకర్‌లో నేనూ విన్నాను. మీరు తిట్టారు. మీరు తిట్టారు కాబట్టి నాన్న టాక్సీ మాట్లాడలేదు. మీరు 'ఏమో, చూడకుండా చెప్పలేను' అని ఉంటే, నేను పరీక్ష రాసేదాన్ని."

విజయ్‌కుమార్‌ను తానేమన్నాడో దేవన్నకు గుర్తొచ్చింది. ఫిల్టర్ కోసి చూడనోడివి కాగితం ఎట్లా రాసినవ్? తానూ బండిని చూడకుండానే చెప్పాడు. వాడు సీసా మీది పేరు చూసి చెప్పాడు, తాను తన పేరు చూసుకుని చెప్పాడు. తేడా ఏమిటి? వాడు కనీసం ఎవర్నీ తిట్టలేదు.

"ఏం చెయ్యమంటవ్ బిడ్డా?" అన్నాడు. "ఏదంటే అది చేస్త."

"నాకేం చెయ్యగలరు? గేటు మూసేశారు." కళ్లు తుడుచుకుంది. "తెల్ల సీసా మంచిదని రోడ్డంతా వినపడేట్టు చెప్పారు కదా ఏడాది పాటు. ఇదీ అంత గట్టిగానే చెప్పండి. నాతో మెల్లగా చెప్పి ఊరుకోవద్దు."

ఆ మాట అని తండ్రి చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి పోయింది. రత్తయ్య ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. దేవన్నను ఆయన తిట్టి ఉంటే ఎంత బాగుండేదో!

దేవన్న చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. ఏ బండికి ఏ రోజు ఏం చేశాడో అందులో రాసుకుంటాడు. పసుపుకు జిగురు కొట్టడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఆ కప్పుతో మందు పోసిన బండ్లు తొమ్మిది. రత్తయ్యది పోగా ఎనిమిది. ధర్పల్లిలో ఒకటి, బాల్కొండలో రెండు, మిగతావి ఊళ్లోనే. రామ్‌దాస్ వ్యాను ఒకటి అందులో ఉంది, పక్కనే నిలబడ్డ రామ్‌దాస్ వ్యాను. పొద్దున పద్దెనిమిది మంది పిల్లలను ఎక్కించుకుని తిరిగిన వ్యాను.

ముందు రామ్‌దాస్‌తోనే చెప్పాడు. అందరూ వింటుండగా, ఎప్పుడూ తిట్టేంత గొంతుతోనే చెప్పాడు. "రామ్‌దాసూ, తెల్ల సీస మంచిదే. నేను కొలిచిన కప్పు ఖరాబ్‌ది. నీ ట్యాంకుల సబ్బు పోసిన నేను. వ్యాను తియ్యకు. ఇప్పుడే ట్యాంకు దించుదాం." రామ్‌దాస్ స్పానర్ అందుకుని వ్యాను కిందికి దూరాడు.

తర్వాత ఫోను తీసి ఒక్కొక్కరికే చేశాడు. అదే మాట, ప్రతివాడికీ. కొందరు నవ్వారు, ఇద్దరు తిట్టారు. తిట్టినవాళ్ల మాట చివరిదాకా విన్నాడు. చివరిది ధర్పల్లి నర్సింలుది, ధాన్యం తోలే డీసీఎం లారీ.

"గదేందన్నా!" అన్నాడు నర్సింలు. "బండి మస్తు నడుస్తున్నది. జెర ఊగుతున్నది గంతే. రేపు లోడున్నది, ఎల్లుండి తెస్త. నువ్వు చేసిన బండి గదన్నా, దానికేమైతది?"

దేవన్నకు కోపం నషాళానికెక్కింది. రోడ్డు అవతల టీ కొట్టు దాకా వినపడేలా అరిచాడు.

"నేను చేసిన బండి అనే కదపొద్దంటున్న రా! తాళంచెవి తీసి జేబుల పెట్టుకో! నేనొస్తున్న!"

సంచి భుజానికేసుకుని బైకు ఎక్కాడు. తెల్లబడ్డ సీసాను మాత్రం బల్ల మీద నుంచి ఎవర్నీ తీయనివ్వలేదు.